శివారు గదికి వేడి ఎందుకు అందదు?

పోయిన నవంబరులో ఒక ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, హీటింగ్ వేసి రెండు గంటలయింది. కింద గదుల్లో వాళ్ళు టీషర్టులతో తిరుగుతున్నారు. నా గదిలో రేడియేటర్ ఇప్పుడిప్పుడే గోరువెచ్చబడుతోంది. బాయిలర్ పోయిందంటావా?"

వాడు షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఇంగ్లండ్ ఉత్తరాన కొండవాలుల మీద కట్టిన ఊరది. వీధి పొడవునా ఒకదాని గోడ ఒకటి పంచుకునే పాత ఇటుక ఇళ్ళు. అలాంటి ఇంట్లో ఇంకో నలుగురు విద్యార్థులతో కలిసి ఉంటున్నాడు. వీడిది అన్నిటికంటే పై గది, అటకను గదిగా మార్చినది. అద్దె తక్కువని తీసుకున్నాడు.

చలిదేశానికి చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళు మొదటి శీతకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. ఇల్లంతటికీ ఒకే బాయిలర్ ఉన్నప్పుడు ఒక గది ఉడికిపోతుంటే ఇంకో గది ఎందుకు వణుకుతుంది? మన ఊళ్ళలో ఈ ఏర్పాటు లేదు గనుక దాన్ని చూస్తూ పెరగలేదు. అయినా దాని లోపలి సూత్రం మనకు కొత్తది కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టి నేను దాన్ని చిన్నప్పుడే చూశాను. అప్పుడది పంట కాలువల్లో ఉండేది.

"బాయిలర్ పోతే కింద గదుల్లోనూ చలే ఉండాలి కదరా," అన్నాను. "ముందు ఇల్లంతా తిరిగి ప్రతి రేడియేటర్ మీదా చెయ్యి పెట్టి చూడు. పైన ఎలా ఉంది, కింద ఎలా ఉంది, రెండు పక్కలా గొట్టాలు ఎలా ఉన్నాయి, కాగితం మీద రాసుకుని మళ్ళీ ఫోన్ చెయ్యి."

ఆ కాగితం వచ్చేలోగా మనం ఇంటి గోడల వెనక ఏం జరుగుతోందో చూసి వద్దాం.

పలకలో మంట లేదు

గోడకు ఆనుకుని ఉండే ఆ తెల్లని ఇనుప పలకను మొదటిసారి చూసినవాళ్ళు లోపల కరెంటు తీగ ఉందనుకుంటారు. అందులో ఉన్నవి నీళ్ళే. వంటగదిలో ఒక మూల చిన్న అలమరంత బాయిలర్ ఉంటుంది. అది గ్యాస్ మండించి నీళ్ళను కాస్తుంది. ఒక పంపు ఆ నీళ్ళను గొట్టాల్లోకి నెడుతుంది. వేడి నీళ్ళు పోయే గొట్టం ఒకటి, చల్లారిన నీళ్ళు తిరిగొచ్చే గొట్టం ఒకటి. ఈ రెండిటినీ నిచ్చెన నిలువు కర్రలు అనుకుంటే, రేడియేటర్లు వాటి మధ్య మెట్లు. ప్రతి మెట్టులోంచీ కొన్ని నీళ్ళు దాటి, గదికి వేడి ఇచ్చి, తిరుగు గొట్టంలో పడి బాయిలర్ చేరుకుంటాయి. మళ్ళీ కాగి మళ్ళీ బయలుదేరతాయి. కుళాయిలో వచ్చే నీళ్ళతో వీటికి పొత్తు లేదు. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు ఇంట్లో తిరుగుతుంటాయి.

వేడిని మోయడానికి నీళ్ళే ఎందుకు? ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక కాళ్ళు కాలుస్తున్నా పక్కనే చెరువు చల్లగా ఉంటుంది. నీళ్ళు వేడెక్కాలంటే చాలా వేడిని తాగాలి. తాగినదంతా చల్లారేటప్పుడు తిరిగి ఇస్తాయి. ఒక లీటరు నీళ్ళు మోసే వేడిని గాలితో మోయించాలంటే మూడు వేల లీటర్లకు పైగా గాలి కావాలి. అందుకే వేలు లావు గొట్టంలో పోయే నీళ్ళు ఒక గదిని కాపాడగలవు.

రేడియేటర్ అనే పేరుకు వేడి కిరణాలు చిమ్మేది అని అర్థం. అది చేసే పనిలో అది ఒక భాగమే. పలకను తాకిన గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది, కింద నుంచి చల్లగాలి వచ్చి ఆ చోటు నింపుతుంది. ఇప్పటి పలకల వెనక మడతలు మడతలుగా రేకు అతికించేది ఈ గాలి తగిలే మేర మరింత పెరగాలని. పొడవాటి పరదా దాని మీదుగా వేలాడినా, సోఫా అడ్డం పెట్టినా గాలి తిరగదు. పలక కాలుతూనే ఉంటుంది, గది మాత్రం వెచ్చబడదు. గదిని వెచ్చబరిచే ఈ ఇనుప పెట్టెను కనిపెట్టిన ఘనత ఫ్రాంజ్ సాన్ గల్లీకి ఇస్తారు. ప్రష్యాలో పుట్టి రష్యాలో స్థిరపడిన వ్యాపారి ఆయన. 1855 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దీన్ని తయారు చేశాడు. అక్కడి చలిని తలచుకుంటే ఇది ఆ ఊళ్ళో పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఎంతసేపు పడితే ఆలస్యం?

నిదానంగా వేడెక్కుతోంది అనే ముందు, ఎంతసేపు పట్టడం న్యాయమో లెక్క చూడాలి. ఒక ఇంటి గొట్టాల్లో, రేడియేటర్లలో కలిపి 100 లీటర్ల నీళ్ళున్నాయి అనుకుందాం. తెల్లవారుజామున అవి 15 డిగ్రీల దగ్గర ఉన్నాయి. వాటిని 65 డిగ్రీలకు తేవాలి. బాయిలర్ శక్తి 24 కిలోవాట్లు. అది ఒక్క క్షణం ఆగకుండా పనిచేసినా ఒక్క నీళ్ళకే దాదాపు పావుగంట పడుతుంది. ఇనుము కూడా వేడెక్కాలి, ఈలోగా గదుల్లోకి కొంత వేడి జారిపోతూనే ఉంటుంది. కనుక ఇరవై నిమిషాల నుంచి అరగంట పడితే అది జబ్బు కాదు. రెండు గంటలు జబ్బే.

కొన్ని ఇళ్ళలో నిదానం కావాలని పెట్టుకున్నదే. ఇంగ్లండ్‌లో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివి కావాలని నియమం వచ్చింది. మనం వీటిని ఆవిరి పట్టే బాయిలర్లు అందాం. గ్యాస్ మండితే పొగతో పాటు నీటి ఆవిరి వస్తుంది. అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టినట్టు, ఈ ఆవిరిని బాయిలర్ లోపలే చుక్కలుగా మారిస్తే అందులో దాగిన వేడి కూడా మన చేతికొస్తుంది. మూత చల్లగా ఉంటేనే కదా చుక్కలు కట్టేది. ఇక్కడ ఆ మూత పని చేసేవి తిరిగొచ్చే నీళ్ళు. అవి సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా వస్తేనే ఆవిరి చుక్కలవుతుంది. అందుకని కొందరు బాయిలర్ వేడిని 80 నుంచి 60 డిగ్రీలకు తగ్గించుకుంటారు. హీట్ పంపు పెట్టుకున్న ఇళ్ళలో నీళ్ళు ఇంకా చల్లగా తిరుగుతాయి. అప్పుడు రేడియేటర్ ఇచ్చే వేడి పడిపోతుంది. నీళ్ళకూ గదికీ మధ్య తేడా 50 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు తగ్గితే, పలక ఇచ్చే వేడి దాదాపు సగమవుతుంది. అలాంటి ఇంట్లో పలక చెయ్యి కాల్చదు, గది నెమ్మదిగా వెచ్చబడుతుంది, ఎక్కువసేపు వేసి ఉంచాలి. అక్కడ మెకానిక్‌ని పిలిచి డబ్బు పోసుకోవద్దు.

అయితే ఆ నిదానం ఇల్లంతా ఒకేలా ఉంటుంది. ఒక గది ఉడికి ఒక గది వణికితే సంగతి వేరు.

చెయ్యి చెప్పే కబురు

నాడి పట్టి చూసే వైద్యుడిలా రేడియేటర్‌ను కూడా చేత్తో చూడవచ్చు. పలక మీద చల్లదనం ఏ చోట ఉందో ఆ చోటే రోగం పేరు చెబుతుంది. పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. పైన వేడిగా ఉండి కింద నడిమధ్యలో చల్లగా ఉంటే పూడిక పేరుకుంది. పలకంతా చల్లగా, పోయే గొట్టం మాత్రం కాలుతూ ఉంటే తూము మూసుకుంది. పలకంతా ఒకేలా గోరువెచ్చగా ఉంటే నీళ్ళు వస్తున్నాయి గాని చాలినన్ని రావడం లేదు.

గొట్టాలను ఎక్కువసేపు పట్టుకోకూడదు, 70 డిగ్రీల నీళ్ళు పోయే రాగి గొట్టం చేతిని కాల్చేస్తుంది. వేలితో తాకి తియ్యాలి.

ఇందులో తూము సంగతి ముందు ముగిద్దాం. రేడియేటర్‌కు ఒక పక్కన అంకెలున్న పిడి ఉంటుంది. దీన్ని అంకెల తూము అందాం, అక్కడివాళ్ళు థర్మోస్టాటిక్ వాల్వ్ అంటారు. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ కంపెనీ స్థాపించిన మాడ్స్ క్లాసెన్ 1943లో దీన్ని కనిపెట్టాడు. పిడి లోపల మైనమో ద్రవమో ఉంటుంది. గది వెచ్చబడగానే అది ఉబ్బి ఒక చిన్న పుల్లను లోపలికి నొక్కి నీళ్ళు ఆపుతుంది. గది చల్లబడితే ముడుచుకుని పుల్లను వదులుతుంది. కరెంటు అక్కర్లేదు, ఎవరూ తిప్పక్కర్లేదు. నాకు ఎంతో ఇష్టమైన యంత్రాల్లో ఇదొకటి. వేసవి నెలలన్నీ మూసి ఉంచితే ఆ పుల్ల లోపలే పట్టేస్తుంది. అక్టోబరులో పిడి 5కు తిప్పినా కదలదు. పిడిని విప్పి, పుల్లను ఏదైనా చదునైన వస్తువుతో మెల్లగా లోపలికి నొక్కి వదిలితే స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది. పటకారుతో పట్టుకుని బయటికి లాగితే మాత్రం ఊడి వచ్చి ఇల్లంతా నల్లనీళ్ళు చిమ్ముతుంది.

గంటకల్లా మేనల్లుడి కాగితం వచ్చింది. కింద రెండు గదులూ, హాలూ పై నుంచి కింది దాకా కాలిపోతున్నాయి. మధ్య అంతస్తు ఫరవాలేదు. అటక గదిలో పైన నాలుగు వేళ్ళ మేర చల్లగా, మిగతాది గోరువెచ్చగా ఉంది. అంటే వాడి పలకకు ఒక రోగం కాదు, రెండు ఉన్నాయి.

గాలి పట్టిన పలక

మన పొలాల్లో మోటారుకి ఎయిర్ పట్టేసిందంటాం. మోటారు తిరుగుతుంది గాని నీళ్ళు రావు. రేడియేటర్‌లో గాలి చేరినా ఇదే కథ. గాలి తేలిక కాబట్టి పలక పైభాగాన చేరి కూర్చుంటుంది. అంత మేరకు నీళ్ళు ఎక్కవు.

ఎటూ తెరిచి లేని గొట్టాల్లోకి గాలి ఎలా వచ్చింది? గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టండి. మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. అది నీళ్ళలో కరిగి ఉన్న గాలి, వేడికి బయటపడుతుంది. కొత్తగా పోసిన నీళ్ళు కొన్నిసార్లు కాగి చల్లారేసరికి అలా ఎంతో గాలి వదులుతాయి. అదంతా గొట్టాల్లో పైకి పైకి పాకి ఇంట్లో ఎత్తయిన చోటుకు చేరుతుంది. ఈ ఇంట్లో ఆ ఎత్తయిన చోటు మా వాడి గదే.

ఇంకో సంగతి ఉంది. నీళ్ళు నిటారుగా పది మీటర్లు నిలబడాలంటే కింద దాదాపు ఒక బార్ ఒత్తిడి కావాలి. వంటగదిలో బాయిలర్‌కు అటక గది ఆరు మీటర్ల పైన ఉందనుకుంటే, ఆ పలక దాకా నీళ్ళు ఎక్కి ఉండడానికే 0.6 బార్ పోతుంది. బాయిలర్ మీద చిన్న గడియారం లాంటి ముల్లు ఈ ఒత్తిడిని చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉండాలి. ఎక్కడో సన్నగా కారి ఒత్తిడి పడిపోతే ముందు ఎండేది పై గదే. మా వాడు చూసి చెప్పాడు, ముల్లు 0.7 దగ్గర ఉందని.

గాలి తియ్యడం తేలికే. ముందు హీటింగ్ ఆపాలి, పలక చల్లారాలి. వేడి నీళ్ళు మీద పడకూడదు, పంపు తిరుగుతుంటే బయటి గాలిని లోపలికి లాగే ప్రమాదమూ ఉంది. పలక పై మూలలో ఒక చిన్న చతురస్రపు మర ఉంటుంది. దానికి సరిపడే తాళంచెవి ఇనుప సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. కింద గుడ్డ పట్టి, తాళంచెవిని ఎడమకు పావు చుట్టు తిప్పితే సైకిల్ ట్యూబు వదిలినట్టు బుస్సుమంటుంది. ఆ చప్పుడు ఆగి నీటి చుక్కలు రాగానే బిగించాలి. గాలి పోయినంత మేర ఒత్తిడి తగ్గుతుంది కనుక, బాయిలర్ కింద ఉండే జడ అల్లిన గొట్టం తూము తెరిచి ముల్లు మళ్ళీ ఒకటీ పైచిలుకు చూపేదాకా నీళ్ళు నింపాలి. అద్దె ఇంట్లో అయితే ముందు యజమానికి ఒక మాట చెప్పి చేయడం మర్యాద.

ఒకసారి తీస్తే పోయే గాలి మామూలు గాలి. వారం వారం మళ్ళీ వస్తుంటే రెండు అనుమానాలున్నాయి. ఎక్కడో గాలిని పీల్చుకుంటూ ఉండవచ్చు. లేదా లోపల ఇనుము తుప్పు పడుతూ హైడ్రోజన్ వాయువును పుట్టిస్తూ ఉండవచ్చు. ఆ వాయువు మండుతుంది, కాబట్టి గాలి తీసేచోట అగ్గిపుల్ల గీయకూడదు, సిగరెట్ ఉండకూడదు.

నల్లని పూడిక

మనకు తుప్పు అంటే ఎర్రన. గేటు మీద, పాత నాగలి కర్రు మీద చూసేది అదే. గాలి సమృద్ధిగా దొరికితే ఇనుము ఎర్రబడుతుంది. రేడియేటర్ లోపల గాలి కరువు. అక్కడ ఇనుము అరకొర ఆక్సిజన్‌తో మెల్లగా తినబడి, చివరికి మాగ్నటైట్ అనే నల్లని పొడిగా మారుతుంది. ఆ మార్పులోనే ఇందాక చెప్పిన హైడ్రోజన్ విడుదలవుతుంది. దీన్ని వివరించిన జర్మన్ రసాయనవేత్త పేరు మీద షికోర్ చర్య అంటారు.

ఈ మాగ్నటైట్ మనకు పరాయిది కాదు. భూమిలో దొరికే దాని రాయికే మన పెద్దలు సూదంటురాయి అని పేరు పెట్టారు. సూదిని అంటుకునే రాయి. ఇంగ్లండ్ ఇళ్ళ గొట్టాల్లో అదే పదార్థం మెత్తని నల్ల బురదగా తిరుగుతోంది. రేడియేటర్ నుంచి వచ్చిన నల్లనీళ్ళను గ్లాసులో పట్టి, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాన్ని బయట ఆనిస్తే నలుపు ఆ వైపుకు జరగడం కళ్ళారా చూడవచ్చు. పిల్లలున్న ఇంట్లో తప్పక చేసి చూపించాల్సిన ప్రయోగం.

ఈ బురద బరువైనది. వేగంగా పోయే గొట్టంలో కొట్టుకుపోతుంది, విశాలమైన పలకలోకి రాగానే నీళ్ళ నడక మందగించి అడుగున దిగిపోతుంది. వరద తగ్గాక కాలువ మలుపులో ఒండ్రు మేట వేసినట్టు. అందుకే కింది నడిమధ్య చల్లబడుతుంది. 1970ల నాటి ఇళ్ళలో కొన్నిటికి 8, 10 మిల్లీమీటర్ల సన్నని గొట్టాలు వేశారు. అవి ఇంకా తొందరగా పూడుకుపోతాయి.

ఒక చిన్న మాట. తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రియర్లీ 1913లో తయారు చేసింది మా మేనల్లుడున్న షెఫీల్డ్‌లోనే. అయినా ఆ ఊరి ఇళ్ళలో కూడా మామూలుగా గోడలకు వేలాడేది సాదా ఉక్కు పలకలే, ఖర్చు కలిసొస్తుందని.

మన కాలువలకు పూడిక తీసినట్టే వీటికీ తీయాలి. ఒకటి రెండు పలకలైతే విప్పి, పెరట్లోకి తీసుకెళ్ళి రబ్బరు గొట్టంతో కడిగేస్తారు. ఇల్లంతా పూడితే బలమైన పంపుతో మందునీళ్ళు తిప్పి కడుగుతారు. తర్వాత తుప్పును ఆపే మందు పోస్తారు, రమారమి వంద లీటర్లకు ఒక లీటరు. తిరుగు గొట్టం మీద అయస్కాంతం ఉన్న జల్లెడ పెడితే మిగిలిన నలుపు అక్కడే పట్టుబడుతుంది. కానీ అసలు మందు వేరే ఉంది, కొత్త నీళ్ళు పోయకుండా చూసుకోవడం. పాత నీళ్ళలో ఆక్సిజన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, వాటికి ఇనుమును కొరికే పళ్ళు లేవు. కారుతున్న చోటు వెతకకుండా నెలకోసారి కొత్త నీళ్ళు నింపేవాళ్ళు తుప్పుకు మేత వేస్తున్నట్టే.

శివారు ఆయకట్టు

గాలి తీసి, ఒత్తిడి 1.3కు తెచ్చాక మా వాడి పలక పై అంచు దాకా వెచ్చబడింది. కానీ ఆ వెచ్చదనం గంటన్నరకు గాని రాలేదు. రెండో రోగం మిగిలే ఉంది. నాకు మా నాన్న గుర్తొచ్చింది ఇక్కడే.

మా పొలం నాగాయలంక దగ్గర. కృష్ణా డెల్టాలో దాదాపు చివరి భూములు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలారని రేడియోలో చెప్పేవారు. ఆ కబురు విన్నాక మా బోదెలోకి నీళ్ళు రావడానికి ఎన్నో రోజులు పట్టేది. నారుమళ్ళు ఎండుతుంటే నాన్న పార భుజాన వేసుకుని రాత్రిపూట కాలువగట్టు వెంట ఎగువకు నడిచేవాడు. మా తూము పూర్తిగా తెరిచే ఉంది. ఇంకా పెద్దది చేసినా చుక్క ఎక్కువ రాదని ఆయనకు తెలుసు. మా మడి ఎండడానికి కారణం మా మడిలో లేదు. మైళ్ళ ఎగువన బార్లా తెరిచి ఉన్న తూముల్లో ఉంది. కాలువ తూములు చూసుకునే లస్కరు వచ్చి అక్కడి తలుపులు జానెడు దించితే, ఆ రైతులకు లోటేమీ రాకుండానే రెండు రోజుల్లో మా పొలం తడిసేది.

ఇంట్లో నీళ్ళదీ అదే నడక. పంపు నెట్టిన నీళ్ళు తేలికైన దారి చూసుకుంటాయి. బాయిలర్‌కు దగ్గరున్న హాలు పలకలోంచి దాటితే ప్రయాణం అయిపోతుంది. అటక దాకా పోవాలంటే పొడవాటి గొట్టం, మలుపులు, ఒరిపిడి. దాంతో ఎక్కువ నీళ్ళు హాలులోనే దూకి, సరిగ్గా చల్లారకుండానే వేడివేడిగా తిరిగొచ్చేస్తాయి. తిరిగొచ్చిన నీళ్ళు కాలుతున్నాయి గనుక ఇల్లు వెచ్చబడిందనుకుని బాయిలర్ మంట తగ్గించుకుంటుంది. ఆవిరి చుక్కలు కట్టదు కాబట్టి గ్యాసూ వృథా. పైగా చాలా ఇళ్ళలో గది వేడిని కొలిచే థర్మోస్టాట్ హాలులోనే ఉంటుంది. హాలు 20 డిగ్రీలకు చేరగానే అది చాలు అని బాయిలర్‌ను ఆపేస్తుంది. ఎగువ పొలం తడిసింది కదా అని బ్యారేజీ గేట్లు దించేసినట్టు! శివారు గది ఇంకా ఎండుతూనే ఉంటుంది.

మా వాడు అప్పటికే తన పిడిని 5కు తిప్పి, ఒక చిన్న కరెంటు హీటర్ కొందామా అని చూస్తున్నాడు. మా నాన్న మా తూమును పెద్దది చేయడం లాంటిదే అది. తిప్పాల్సింది హాలు పలకను.

ప్రతి రేడియేటర్‌కు రెండో పక్కన, తిరుగు గొట్టం మొదట్లో, తెల్లని ప్లాస్టిక్ టోపీ పెట్టిన ఇంకో తూము ఉంటుంది. లాక్‌షీల్డ్ వాల్వ్ అంటారు. మనకు టోపీ తూము. ఊరికే చేత్తో తిప్పితే తిరగకుండా టోపీ పెట్టారు. లస్కరు దించే తలుపు ఇదే. ఇల్లు కట్టినప్పుడు గొట్టాలు వేసినవాడు వీటిని ఒకసారి సర్దుతాడు. తర్వాత రంగులు వేసేటప్పుడో పలక మార్చినప్పుడో ఎవరో బార్లా తెరిచేసి వెళ్ళిపోతారు.

సర్దడానికి ఓ పూట తీరిక కావాలి. పలకలు చల్లారిన ఉదయం అన్ని అంకెల తూములూ, టోపీ తూములూ పూర్తిగా తెరిచి, హీటింగ్ వేసి, ఏ పలక ఎన్నో నిమిషంలో వేడెక్కిందో వరసగా రాసుకోవాలి. మా వాడి జాబితాలో హాలు మూడో నిమిషం, వెనక గది ఐదు, ముందు గది ఆరు, మధ్య అంతస్తు రెండు గదులూ పన్నెండు, పదిహేను, అటక నలభై దాటింది. అన్నిటికంటే ముందు వేడెక్కిన పలక టోపీ తూమును పూర్తిగా మూసి, పావు చుట్టు మాత్రం తెరవాలి. తర్వాతి దానికి కొంచెం ఎక్కువ, ఆ తర్వాతిదానికి ఇంకొంచెం. ఆఖరి పలకకు పూర్తిగా వదిలేయాలి. ముందు ఎన్ని చుట్లు తెరిచి ఉందో రాసుకుంటే పొరపాటైనా వెనక్కి రావచ్చు. గొట్టాలకు బిగించే చిన్న థర్మామీటర్లు రెండు ఉంటే ఇంకా కచ్చితంగా చేయవచ్చు. పోయే నీళ్ళకూ వచ్చే నీళ్ళకూ తేడా పాత పద్ధతిలో 11, 12 డిగ్రీలు ఉండేలా చూసేవారు. ఆవిరి పట్టే బాయిలర్‌కు 20 దాకా ఉండవచ్చు.

ఇందులో ఏదీ గ్యాస్‌ను తాకే పని కాదు. బాయిలర్ మూత విప్పాల్సి వస్తే మాత్రం ఆగిపోవాలి. బ్రిటన్‌లో 2009 నుంచి ఆ పని గ్యాస్ సేఫ్ జాబితాలో ఉన్నవాళ్ళే చేయాలి. పూడిక తీయడం, పంపు మార్చడం వంటి మరమ్మతులు అద్దెకున్నవాడి మీద పడవు. 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఇంట్లో హీటింగ్ సరిగ్గా ఉంచడం యజమాని బాధ్యత. మన పిల్లలు చాలామంది ఈ మాట తెలియక రెండు స్వెటర్లు వేసుకుని చలికాలం గడిపేస్తారు. చలిదేశాల ఇళ్ళలో 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదు ఇది.

మా వాడు రెండు ఆదివారాలు కూర్చుని సర్దాడు. మొదటిసారి హాలును మరీ బిగించేసి, మధ్య అంతస్తును వదిలేశాడు. అటక ఎప్పటిలాగే ఉండిపోయింది. రెండోసారి మధ్య అంతస్తు తూములు కూడా అర చుట్టు దించాక, అటక పలక ఇరవై ఐదు నిమిషాలకు కాలడం మొదలుపెట్టింది.

"కింద గదుల వాళ్ళు ఏమన్నారురా?" అని అడిగాను. వాళ్ళ నీళ్ళు తగ్గించాం కదా, చలి అంటారేమోనని నా బెంగ.

"వాళ్ళకసలు తేడా తెలియలేదు మావయ్యా," అన్నాడు.

తెలియకపోవడానికి కారణముంది. పలకలో నీళ్ళ నడక సగానికి తగ్గినా అది గదికి ఇచ్చే వేడి కొద్దిగానే తగ్గుతుంది. ఇంతకుముందు హడావిడిగా దాటిపోయిన నీళ్ళు ఇప్పుడు నెమ్మదిగా నడుస్తూ, మోసుకొచ్చిన వేడిని ఎక్కువగా అక్కడే దించి పోతాయి. హాలులోంచి వేడిగా తిరిగొచ్చేసిన నీళ్ళు హాలుకూ ఉపయోగపడలేదు, అటకకూ అందలేదు. ఇప్పుడు వాడు ప్రతి టోపీ లోపలా తెల్ల టేపు ముక్క అంటించి, ఎన్ని చుట్లు తెరవాలో అంకె వేసి పెట్టాడు, తన తర్వాత ఆ గదిలోకి వచ్చేవాళ్ళ కోసం.